దాగిన పూర్వీకులను వెదకవచ్చునా?

చనిపోయిన మన పెద్దలకు మనం చెల్లించవలసినది ఏమిటి? ప్రార్థన అని వెంటనే చెబుతారు. సరైన జవాబే. గౌరవం అని కూడా అంటారు. తల్లిదండ్రులను గౌరవించమన్న నాలుగవ దైవాజ్ఞ వారి భూస్థాపనతో ముగిసిపోదు గదా! అయితే వారిని గురించిన నిజం తెలుసుకోవడం కూడా ఆ గౌరవంలో భాగమేనా? లేక వారు దాచుకొన్నదాన్ని దాచిన చోటనే ఉండనివ్వడం గౌరవమా?

ఈ ప్రశ్న మన ఇండ్లలో అంతగా తలెత్తదు. మనలో చాలామందికి జ్ఞాపకం ముత్తాత పేరు దగ్గరే ఆగిపోతుంది. అంతకు పైన కాగితం లేదు. కాగితం సమృద్ధిగా ఉన్నచోట మాత్రం ఈ ప్రశ్న తప్పించుకోవడానికి వీలులేకుండా ఎదురవుతుంది. అటువంటి చోటు ఇంగ్లాండు. అక్కడ ఎన్నో సామాన్య కుటుంబాలవారు తీరిక వేళల్లో పాత విచారణ రిజిస్టర్లను, జనాభా లెక్కల పుస్తకాలను తిరగేస్తూ తమ పూర్వీకుల కోసం వెదుకుతుంటారు. కొందరు పూర్వీకులు సులువుగా దొరుకుతారు. కొందరు ఎంత వెదికినా చిక్కరు. ఆ చిక్కని వారిని గురించి ఈ వారం మనం కాస్త ఆలోచిద్దాం.

రెండు తాళాల పెట్టె

1538లో ఎనిమిదవ హెన్రీ రాజుగారి మంత్రి తామస్ క్రామ్‌వెల్ దేశమంతటికీ ఒక ఆజ్ఞ పంపాడు. ప్రతి విచారణలోను ఒక పుస్తకం ఉంచాలి. జ్ఞానస్నానాలు, వివాహాలు, భూస్థాపనలు వారం వారం అందులో ఎక్కించాలి. ఆ పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో భద్రపరచాలి. ఒక తాళపు చెవి గురువు దగ్గర, రెండోది గుడి పెద్దల దగ్గర ఉండాలి. ఇదంతా కొత్త పన్ను వేయడానికేనని జనం భయపడ్డారు. రోముతో సంబంధం తెంచుకొని మఠాలను మూయించిన ప్రభుత్వమే ఈ పుస్తకాన్నీ పెట్టించింది. అయినా పుస్తకం మంచిదే. మన శ్రీసభలో కూడా త్రెంతు మహాసభ 1563లో వివాహాల పుస్తకం ఉంచాలనీ, జ్ఞానస్నాన పుస్తకంలో జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు రాయాలనీ శాసించింది. పిల్లకు సంబంధం కుదరగానే మీరు జ్ఞానస్నాన సర్టిఫికెట్టు కోసం గుడి ఆఫీసుకు వస్తారే, ఆ ఆచారానికి మూలం అక్కడే ఉంది.

1801 నుంచి ఇంగ్లాండులో పదేండ్లకొకసారి జనాభా లెక్కలు తీశారు. 1841 నుంచి దేశమంతటా ఇంటింటి మనుషుల పేర్లు రాసి భద్రపరచారు. 1837 జూలై 1 నుంచి జనన, వివాహ, మరణాలను ప్రభుత్వమే నమోదు చేయసాగింది. ఇన్ని పుస్తకాలున్నాక పేరు దొరకకపోవడమేమిటని మీరు అడగవచ్చు.

ఎందుకు దొరకరు?

మొదటి కారణం కాగితమే. 1598లో పాత కాగితపు రిజిస్టర్లను తోలు పత్రాల మీదికి ఎత్తి రాయమని ఉత్తర్వు వచ్చింది. ముఖ్యంగా ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన 1558 నుంచి రాయమని అందులో ఉంది. దాంతో చాలాచోట్ల అంతకు ముందరి ఇరవై ఏండ్ల పేర్లను ఎవరూ ఎత్తి రాయలేదు. 1642లో అంతర్యుద్ధం మొదలయ్యాక ఎన్నో విచారణల్లో రాసే నాథుడు లేక పుటలు ఖాళీగా ఉండిపోయాయి. 1931 లెక్కల కాగితాలు 1942లో అగ్నికి ఆహుతయ్యాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు.

రెండో కారణం రాసిన తీరు. 1841 లెక్కల్లో పదిహేనేండ్లు దాటినవారి వయసును ఐదేసి ఏండ్లకు కుదించి రాయమన్నారు. ముప్పైనాలుగేండ్ల మనిషి ఆ పుస్తకంలో ముప్పై ఏండ్లవాడు. పుట్టిన ఊరు అడగలేదు. ఈ కౌంటీలోనే పుట్టావా లేదా అని మాత్రం అడిగారు. చదువురాని కూలివాడు తన పేరు పలికితే, లెక్కలు రాసేవాడు తన చెవికి తోచిన అక్షరాలు పెట్టాడు. ఒకే మనిషి మూడు పుస్తకాల్లో మూడు రకాలుగా కనబడతాడు.

ఇక్కడే మనం ఒక నీతి నేర్చుకోవాలి. 1752కు ముందు ఇంగ్లాండులో కొత్త సంవత్సరం జనవరి 1న మొదలయ్యేది కాదు, మంగళవార్త పండుగ నాడు, అంటే మార్చి 25న మొదలయ్యేది. ఒక జంటకు 1700 ఏప్రిల్‌లో పెండ్లి అయిందనుకోండి. వారి తొలిచూలు బిడ్డకు 1700 జనవరిలో జ్ఞానస్నానం అయినట్టు రిజిస్టరులో ఉంటుంది. తొందరపాటు మనిషి అది చూసి, "పెండ్లికి ముందే బిడ్డ పుట్టిందన్నమాట!" అని తీర్పు చెప్పేస్తాడు. కాని వారి 1700 జనవరి మన లెక్క ప్రకారం 1701 జనవరి. పెండ్లయిన తొమ్మిది నెలలకు బిడ్డకు జ్ఞానస్నానమైంది. ఆ తల్లిలో ఏ దోషమూ లేదు. దోషమంతా మన తెలివితక్కువతనంలో ఉంది. బ్రతికి ఉన్నవారిమీద అపనింద వేస్తే వారు ఎదురు తిరిగి అడగగలరు. మూడు వందల ఏండ్ల క్రితం చనిపోయిన ఇల్లాలు ఎవరిని అడుగుతుంది?

విశ్వాసం వల్ల, పేదరికం వల్ల దాగినవారు

కొందరు తమ తప్పేమీ లేకుండానే కనుమరుగయ్యారు. ఇంగ్లాండులోని మన కథోలిక సహోదరుల మాటే తీసుకొందాం. శిక్షా చట్టాల కాలంలో గురువులు జ్ఞానస్నాన పుస్తకం ఉంచుకోవడమే ప్రమాదం. అది అధికారుల చేతిలో పడితే విశ్వాసులందరి జాబితా వారి చేతిలో పడినట్టే. కాబట్టి చాలాచోట్ల పుస్తకమే లేదు. 1581 చట్టం ప్రకారం, ఆంగ్లికన్ ఆరాధనకు వెళ్ళడానికి నిరాకరించినవారికి నెలకు ఇరవై పౌండ్ల జరిమానా. ఆ జరిమానాల లెక్కలు 1592 నుంచి ప్రత్యేకంగా రాసి ఉంచారు. ఈనాడు ఒక ఇంగ్లీషు కథోలికుడు తన పూర్వీకుని కోసం వెదికితే, గుడి పుస్తకంలో దొరకని పేరు ఆ జరిమానాల చుట్టల్లో దొరకవచ్చు. విశ్వాసులు భయంతో రాయని పేరును హింసించినవారు శ్రద్ధగా రాసిపెట్టారు! తర్వాత 1754 నుంచి 1837 వరకు యూదులకు, క్వేకర్లకు తప్ప మిగతా అందరికీ ఆంగ్లికన్ గుడిలో జరిగిన పెండ్లే చట్టరీత్యా చెల్లేది. అందువల్ల ఎందరో కథోలికులు అక్కడ కూడా పెండ్లి చేసుకోవలసి వచ్చింది. అక్కడ పేరు కనబడింది గదా అని వారు విశ్వాసం వదులుకొన్నారని చెబితే అదీ అపనిందే.

పేదల కథ ఇంకా బాధాకరం. లండన్‌లో తామస్ కోరం అనే నావికుడు 1739లో రాజుగారి అనుమతి పొంది అనాథ శిశువుల ఆశ్రమం నెలకొల్పాడు. 1741 నుంచి 1760 వరకు పదహారు వేలకు పైగా పసికందులను అక్కడ చేర్చుకొన్నారు. చేర్చుకోగానే ప్రతి శిశువుకూ జ్ఞానస్నానమిచ్చి కొత్త పేరు పెట్టేవారు. తల్లి పెట్టిన పేరు పోయేది. ఎప్పుడైనా తిరిగి వస్తే గుర్తుపట్టడానికి తల్లులు ఒక గుడ్డపీలికో, నాణెమో, చిన్న వస్తువో వదిలి వెళ్ళేవారు. ఆ గుడ్డ ముక్కలు ఈనాటికీ పుస్తకాలకు అతికించి ఉన్నాయి. తిరిగి వచ్చి బిడ్డను తీసుకుపోగలిగిన తల్లులు మాత్రం బహు కొద్దిమంది. అటువంటి బిడ్డ సంతానంలో పుట్టినవారు వెనక్కి వెదుకుతూ పోతే, చివరికి వారి చేతికి తగిలేది ఒక గుడ్డపీలిక.

1911 లెక్కల్లో పెండ్లయిన స్త్రీలను, ఎందరిని కన్నారు, ఎందరు బ్రతికి ఉన్నారు, ఎందరు చనిపోయారు అని అడిగారు. కన్నది తొమ్మిదిమందిని, పోయినది నలుగురు. ఇలా ఒక అంకె. ఆ నలుగురికీ పేర్లుండేవి. ఆ పేర్లు కావాలంటే మళ్ళీ జ్ఞానస్నాన పుస్తకానికో, భూస్థాపనల పుస్తకానికో పోవాలి.

మన నేలతో కూడా ఈ వెదుకులాటకు సంబంధముంది. ఇంగ్లీషువారు 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. తర్వాతి కాలంలో సికింద్రాబాదులో దండు దిగింది. మద్రాసు రాజధానిలో పనిచేసిన ఇంగ్లీషువారి జ్ఞానస్నాన, వివాహ, భూస్థాపనల నకళ్ళు లండన్‌కు పంపేవారు. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అక్కడ వెదికితే సిపాయి తాత దొరుకుతాడు. అతని పటాలమూ హోదా కూడా దొరుకుతాయి. అతని బిడ్డలను కన్న ఈ దేశపు స్త్రీకి మాత్రం చాలా సందర్భాల్లో జ్ఞానస్నానపు పేరొక్కటే ఉంటుంది, లేదా అదీ ఉండదు. ఆమె ఏ ఊరి ఆడపడుచో, ఆమె తల్లి ఆమెను ఏమని పిలిచిందో ఎవరూ రాయలేదు.

తమంతట తామే దాగినవారు

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. కొందరు దొరకకూడదనే దాగారు.

1857కు ముందు ఇంగ్లాండులో విడాకులు తీసుకొని మళ్ళీ పెండ్లాడాలంటే పార్లమెంటు చట్టమే కావలసి వచ్చేది. ఆ తర్వాత కోర్టు వచ్చినా పేదవాడికి ఆ ఖర్చు అందనిది. కాబట్టి కొందరు భార్యను విడిచి, వేరే పట్టణానికి పోయి, భార్య చనిపోయిందని చెప్పి మరొకరిని పెండ్లాడారు. లెక్కలవాడు వచ్చినప్పుడు పేరు మార్చారు, పుట్టిన ఊరు మార్చారు. పెండ్లికాని కూతురికి బిడ్డ పుడితే, ఆ బిడ్డను తాతమ్మలు తమ బిడ్డగానే రాయించారు. యాభై ఏండ్ల అమ్మమ్మకు రెండేండ్ల కూతురు ఉన్నట్టు ఆ పుటలో కనబడుతుంది. అలా చేయకపోతే రిజిస్టరులో ఆ బిడ్డ పేరు పక్కన అక్రమ సంతానమనే మాట జీవితాంతం నిలిచిపోయేది. ఆ అబద్ధం వెనుక ఒక ముసలితల్లి ప్రేమ కూడా ఉందని మరచిపోకండి.

నూటయాభై ఏండ్ల తర్వాత మునిమనుమడు వచ్చి ఈ గుట్టు విప్పుతున్నాడు. విప్పవచ్చునా?

ఏరు మూలం, ఋషి మూలం అడగరాదని మన పెద్దల మాట. పరిశుద్ధ గ్రంథంలో కూడా అటువంటి పాఠమే కనబడుతుంది. ఆదికాండం తొమ్మిదవ అధ్యాయంలో నోవా ద్రాక్షరసం తాగి మత్తులో దిగంబరంగా పడి ఉన్నాడు. హాము చూసి బయటికి వెళ్ళి చెప్పాడు. షేము, యాఫెతు వెనక్కి నడుస్తూ వెళ్ళి, ముఖం తిప్పుకొని, తండ్రిమీద వస్త్రం కప్పారు. ఆశీర్వాదం ఎవరికి దక్కిందో మీకు తెలుసు. తండ్రి సిగ్గును కప్పడం బిడ్డల ధర్మం.

కాని అదే పరిశుద్ధ గ్రంథంలో మత్తయిగారి మొదటి అధ్యాయం కూడా ఉంది. అది మన ప్రభువు వంశావళి. అందులో మరియమాతగాక మరో నలుగురు స్త్రీల ప్రస్తావన ఉంది. మామగారి వలన కవలలను కన్న తామారు, యెరికో వేశ్య రాహాబు, అన్యజాతి స్త్రీ రూతు, దావీదు చెరచిన ఊరియా భార్య. సువార్తికుడు కావాలనుకొంటే ఈ పేర్లు దాటవేసి ఉండవచ్చు. దాటవేయలేదు. పవిత్రాత్మ దేవుడు మన రక్షకుని ఇంటి గుట్టును రెండువేల ఏండ్లుగా ప్రతి గుడిలోను చదివిస్తున్నాడు.

కప్పమన్న దేవుడే విప్పి చూపించాడా? రెంటికీ పొత్తు ఎక్కడ?

ఎవరి కోసం?

పునీత తోమాసు అక్వినాసువారు పరుల రహస్య దోషాన్ని బయటపెట్టడాన్ని గురించి చర్చిస్తూ, చెప్పినది నిజమైనంత మాత్రాన చెప్పినవాడు నిర్దోషి కాడని బోధించారు. అయితే అవసరమైన మేలు కోసం తగిన రీతిలో చెబితే అది పాపం కాదని కూడా అన్నారు. కాబట్టి అడగవలసిన ప్రశ్న, ఇది నిజమా అని మాత్రమే కాదు. ఇది ఎవరి మేలు కోసం అని కూడా.

హాము చెప్పింది నిజమే. కాని ఎవరికీ దానితో పనిలేదు. మత్తయిగారు చెప్పిన నిజంతో మాత్రం మనకు పని ఉంది. పాపులకు, పరాయివారికి, అన్యాయానికి గురైన స్త్రీలకు ప్రభువు రక్త బంధువని తెలియాలి. పైగా అక్కడ ఊరియా భార్య అని రాయడంలో సిగ్గు ఎవరి వైపు తిరిగిందో గమనించండి. ఆమె వైపు కాదు, ఊరియాను చంపించిన రాజు వైపు.

ఇప్పుడు ఆ పారిపోయిన భర్త దగ్గరికి మళ్ళీ రండి. అతని మీద వస్త్రం కప్పుదామని మనకు అనిపిస్తుంది. కాని వదలివేసిన ఊళ్ళో మొదటి భార్య ఉంది. లెక్కలవాడు వచ్చిన ప్రతిసారీ ఆమె తాను వివాహితనని రాయించింది. భర్త మాత్రం ఇంట్లో లేడు. చుట్టుపక్కలవారు ఏమనుకొన్నారో ఊహించుకోవచ్చు. అతని గుట్టు కప్పితే ఆమె మాట అబద్ధమవుతుంది. అతన్ని కప్పిన వస్త్రం ఆమె నోటికి అడ్డంపడుతుంది. ఇటువంటిచోట మౌనం కరుణ కాదు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, "అమ్మా, నీవు చెప్పిందే నిజం" అని ఇన్నేండ్ల తర్వాతనైనా ఒకరు పలకడం న్యాయం. అలా పలుకుతూనే, ఆ మనిషి ఎంత ఇరుకున పడి పారిపోయాడో మనకు తెలియదు గనుక అతని ఆత్మ కోసం కూడా ప్రార్థించాలి.

బ్రతికి ఉన్నవారి సంగతి వేరు. తాను అక్క అనుకొన్న ఆమె తన కన్నతల్లి అని ఎనభై ఏండ్ల ముసలమ్మకు ఇప్పుడు చెప్పడం ఎవరి మేలు కోసం? ఆమె అడిగితే అబద్ధం చెప్పకూడదు. అడగకముందే వెళ్ళి కాగితం చూపించడం మాత్రం సత్యప్రేమ అనిపించుకోదు. ఇంగ్లాండు ప్రభుత్వం కూడా ఈ తేడా గుర్తించింది. జనాభా లెక్కల పుటలు నూరేండ్లు మూసి ఉంచుతారు. 1921 నాటివి 2022లో తెరిచారు. 1911 నాటివి 2009లోనే ముందుగా తెరిచినా, అంగవైకల్యాన్ని, మానసిక రుగ్మతను రాసిన గడిని మాత్రం 2012 దాకా కప్పి ఉంచారు. లోకసంబంధమైన ప్రభుత్వానికి ఉన్న మర్యాద బిడ్డలకు ఉండవద్దా? ఈనాడు ఒక చుక్క లాలాజలం పంపితే రక్తసంబంధాలన్నీ బయటపడే పరీక్షలు వచ్చాయి గనుక ఈ మర్యాద మరింత అవసరం.

ఇంకొక హెచ్చరిక. వంశావళుల వ్యామోహం గురించి పునీత పౌలుగారు తిమోతికి రాసిన లేఖలో హెచ్చరించారు. ఇంగ్లాండులో కొందరు ఏ ప్రభువో తమ తాత కాకపోతాడా అని వెదుకుతారు. మన దగ్గర కులం చాటుకోవడానికి వంశం ఏకరువు పెట్టేవారున్నారు. జ్ఞానస్నానపు తొట్టి దగ్గర అందరికీ ఒకే నీరు పోశారని వారికి గుర్తుచేయాలి. పెద్దలను వెదకడం వారికి ఋణపడి ఉన్నామని తెలుసుకోవడానికే. వారి పేరుతో ఇతరులను చిన్నచూపు చూడడానికి కాదు.

కాగితం ముగిసిన చోట

ఎజ్రా గ్రంథం రెండవ అధ్యాయంలో చెరనుండి తిరిగివచ్చిన కొన్ని యాజక కుటుంబాల వారు తమ వంశావళుల పుస్తకంలో పేరు కోసం వెదికారు. దొరకలేదు. వారిని యాజకత్వం నుంచి తొలగించారు. కాగితంలో పేరు లేనివాడు పరాయివాడు. మనుషుల న్యాయం అంతవరకే పోగలదు.

చనిపోయినవారికి బిడ్డల మంచి చెడ్డలు తగులుతాయా అని అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో అడిగాడు. కొద్దిగా తగలవచ్చునేమో అని సందేహంగా వదిలేశాడు. మనం సందేహంలో లేము. పునీతుల సంబంధ ప్రయోజనాన్ని ప్రతి ఆదివారం ఒప్పుకొంటున్నాం. మన పెద్దలు ఒక జ్ఞాపకం కాదు, ఒక పుట కాదు. దేవునిలో జీవిస్తున్న వ్యక్తులు. వారికి మన నుంచి ఏదైనా అందుతుంది, అన్నిటికన్నా ముందు మన ప్రార్థన అందుతుంది. మన వెదుకులాటలో దొరకనివారు దేవునికి దొరకకుండా పోలేదు. వారి అసలు పేర్లు ఆయనకు తెలుసు. వారు చెప్పిన అబద్ధాలూ, ఆ అబద్ధాల వెనుక ఉన్న భయాలూ, ప్రేమలూ ఆయనకు తెలుసు. గుడ్డపీలిక వదిలి వెళ్ళిన తల్లి బిడ్డను ఏమని పిలిచిందో కూడా ఆయనకు తెలుసు.

కాబట్టి ప్రియ పాఠకులారా, ఒక పని చేయండి. మీ ఇంటి ముసలివారు ఇంకా చెప్పగలిగి ఉండగానే, వారికి తెలిసిన పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో రాయండి. ఆడవారి పేర్లు, వారి పుట్టినిండ్లు తప్పకుండా రాయండి. పురిటిలోనే పోయిన బిడ్డలను అంకెగా వదలకండి, పేరు పెట్టి ఉంటే పేరు రాయండి. వారు చెప్పడానికి ఇష్టపడనిదాన్ని గుచ్చి గుచ్చి అడగకండి. నవంబరు నెలలో మృతుల కోసం పూజ చెప్పించుకొనేటప్పుడు, చీటీలో మీకు తెలిసిన పేర్లన్నీ రాసి, చివర ఒక వరుస చేర్చండి: "పేర్లు తెలియని మా పూర్వీకులందరి కోసం."

ఆ వరుస చదివేటప్పుడు మీ విచారణ గురువు ఒక్క క్షణం ఆగుతారు. మీరు కూడా ఆగండి.